చాక్లెట్లు తిన్న రోజు నుంచే నా ముప్పై రోజులు లెక్కించాలని

జిల్లా కార్మిక తనిఖీ అధికారి గారి సముఖమునకు,

ట్రెండాఫిలోవ్ తండ్రీకొడుకుల పాల కార్ఖానాలో చీజ్ తయారీ మేస్త్రీగా పనిచేయుచున్న దోన్కా ఇలియెవా రాష్కోవా, వయసు 51, సవినయముగా వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఉద్యోగం మానుకొనుటకు నేనిచ్చిన ముప్పై రోజుల నోటీసు ఆగస్టు 7వ తేదీన యజమానికి ముట్టినట్లు ఖాయపరచుట గురించి, అది కుదరనిచో ఆగస్టు 13న ముట్టినట్లు, అదీ కుదరనిచో ఏం చేయాలో నాకు తెలియదు, తమరే చెప్పవలెను.

పై విషయమై తమకు మనవి చేసుకొనునది ఏమనగా:

1. నేను పై కార్ఖానాలో పందొమ్మిదేళ్లుగా పనిచేయుచున్నాను. పాలు తూచి పుచ్చుకొనుట, కాచుట, తోడు పెట్టుట, విరిగిన పాలను బట్టలో వడగట్టుట, ముక్కలు కోసి ఉప్పునీళ్లలో ఊరబెట్టుట, ఇవన్నీ నా చేతి మీదుగా జరుగును. కార్ఖానా పత్రాలలో తయారీకి బాధ్యురాలిగా నా పేరే ఉన్నది. నన్ను పనిలో పెట్టుకున్న పెద్దాయన రెండేళ్ల క్రితం పోయారు. ఇప్పటి యజమాని ఆయన కుమారుడు అసెన్ ట్రెండాఫిలోవ్ గారు, వయసు 29. నేను చేరిననాటికి ఆయనకు పదేళ్లు. అందుచేత ఆయన నన్ను "పిన్నీ" అంటారు, నేను ఆయనను "అసెన్" అంటాను. ఈ అర్జీలో మర్యాద కోసం "యజమాని గారు" అని వ్రాయుచున్నాను. ఎక్కడైనా నోరు జారితే క్షమించవలెను.

2. నోటీసులో కారణం చెప్పనక్కరలేదని చట్టం. అయినా చెబుతున్నాను, ఎందుకంటే ఊళ్లో తలా ఒక మాట అంటున్నారు. నాకు ఎక్కువ జీతం దొరికిందని ఒకరు, యజమాని గారితో పడలేదని ఒకరు, నాకు జబ్బు చేసిందని ఇంకొకరు. మూడూ అబద్ధాలే.

నా భర్త మెతోది మా ఊరికీ జిల్లా పట్టణానికీ మధ్య తిరిగే బస్సు నడుపుతాడు. మధ్యాహ్నం రెండున్నరకు డ్యూటీ ఎక్కి రాత్రి తొమ్మిదిన్నరకు దిగుతాడు. నేను పొద్దున మూడున్నరకు లేచి నాలుగింటికల్లా కార్ఖానాలో ఉండాలి కనుక ఎనిమిదింటికే పడుకుంటాను. నేను మధ్యాహ్నం రెండుకు ఇల్లు చేరేసరికి ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ గుమ్మం దిగుతుంటాడు. ఆదివారాలూ పాలు వస్తాయి, ఆదివారాలూ బస్సు తిరుగుతుంది. మా కాపురమంతా ఫ్రిజ్ మీద అంటించిన చీటీలలో నడుస్తున్నది. "సూప్ వేడి చేసుకో." "గ్యాస్ వాడు రాలేదు." "నీ తమ్ముడు ఫోన్ చేశాడు." ఇలాంటివి.

ఈ ఏప్రిల్‌లో మెతోది మీసం తీసేశాడు. ముప్పై ఏళ్ల మీసం. తీసేసిన ఆరు రోజులకు నాకు తెలిసింది. అది కూడా నేను చూసి కాదు. పాలు పోయడానికి వచ్చిన ఒక ముసలమ్మ "మీ ఆయన మీసం లేకుండా బాగున్నాడే" అంటే, మర్నాడు మూడున్నరకు లేచి ఆయన నిద్రపోతుండగా వంగి చూశాను. అయ్యా, ఇది ఏ కాలమ్ కింద రాయాలో నాకు తెలియలేదు. అందుకని ఇక్కడ రాశాను.

మా ఊరి బడిలో వంటమనిషి పని ఖాళీ అయింది. ఏడున్నర నుంచి మూడు దాకా. శని, ఆదివారాలు సెలవు, వేసవంతా సెలవు. ఆ పని చేస్తే రాత్రి తొమ్మిదిన్నరకు మేలుకుని ఉండి మెతోదితో కలిసి అన్నం తినగలను. ప్రధానోపాధ్యాయురాలు కీనా జహారియెవా గారు నన్ను తీసుకుంటానన్నారు. కానీ "సెప్టెంబరు పదిహేనున బడి తెరుస్తాం, పిల్లలు పూలగుత్తులు పట్టుకుని వస్తారమ్మా, మధ్యాహ్నానికి ఆకలితో ఉంటారు. ఆ రోజు నువ్వు పొయ్యి దగ్గర లేకపోతే జాబితాలో రెండో పేరును పిలుస్తాను" అని కచ్చితంగా చెప్పారు. ఆమెను తప్పు పట్టలేను. కనుక సెప్టెంబరు పదిహేనులోపు నా ముప్పై రోజులు పూర్తి కావలెను. నా గోడంతా ఇంతే.

3. మా కార్ఖానాలో ఎవరైనా పని మానేటప్పుడు కాగితం ఇచ్చే ఆనవాయితీ లేదు. తమరికి ఇది చట్టవిరుద్ధంగా తోచవచ్చును. కానీ పెద్దాయన ఉన్నంతకాలం ఇదే నడిచింది. మానదలచుకున్నవాడు ఒక చాక్లెట్ల పెట్టె కొని, పొద్దుటి పని అయ్యాక యజమాని ముందు మూత తీసి పెడతాడు. యజమాని ఒకటి తీసి నోట్లో వేసుకుంటాడు. "సరే, నీకు మంచి జరగాలి" అంటాడు. ఆ రోజు నుంచి ముప్పై రోజులు. తినకపోతే ఒప్పుకోలేదని, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలని అర్థం. నా ఎదుట పదకొండు మంది ఇలాగే మానేశారు. ఎవరి లెక్కా ఒక్క రోజు తప్పలేదు. పెద్దాయనకు చక్కెర జబ్బు. అయినా తినేవారు.

నేను ఆగస్టు 7న పెట్టె తీసుకుపోయాను. కాలం మారింది కదా అని కాగితం కూడా రాసి ఏప్రన్ జేబులో పెట్టుకున్నాను. యజమాని గారు పెట్టె చూసి మొహం వికసించి,

"ఏంటి పిన్నీ, మనవరాలు పుట్టిందా?" అన్నారు.

"లేదు అసెన్. పని మానేస్తున్నా."

"అబ్బో!" అని నవ్వి ఒకటి నోట్లో వేసుకున్నారు. "బాదం పలుకుందే ఇందులో. ఇంకోటి తీసుకోనా? మా చిట్టిదానికి."

"తీసుకో. నిజంగానే మానేస్తున్నా. ఇదిగో కాగితం."

"తర్వాత చూద్దాంలే పిన్నీ. చేతులకి చాక్లెట్ అంటుకుంది చూడు."

మొత్తం మూడు తిన్నారు, రెండు జేబులో వేసుకున్నారు. ఈ విషయమై సాక్షులు నలుగురు. వారి సంతకాలు జతపరచినాను. వారు కూడా తిన్నారు.

4. చేతులు కడుక్కుని కాగితం తీసుకుంటారనుకున్నాను. ఆరు రోజులైనా ఆయన చేతులు ఆరలేదు. 8న ఫోను మాట్లాడుతున్నారు. 9న తలనొప్పి అన్నారు. 10న నేను ఆఫీసు గదిలోకి అడుగు పెట్టగానే, విరుగుడు నీళ్లు బయటికి వదిలే వెనక తలుపులోంచి వెళ్లిపోయారు. కొత్త బూట్లతో ఆ నీళ్లలో కాలు వేశారు. నేను కిటికీలోంచి చూశాను. 11న కాగితం ఆయన బల్ల మీద పెట్టి వచ్చాను. 12 పొద్దున అది నాలుగు మడతలుగా నా బీరువాలో నా చెప్పుల మీద ఉంది.

ఆ రోజు నాకు ఒళ్లు మండిపోయింది. తిన్నగా ఆయన కారుకు అడ్డంగా నిలబడ్డాను.

"ఏమయ్యా, చాక్లెట్లు తింటావు, కాగితం తీసుకోవా? మీ నాన్న ఒక్కటి తిని మాట మీద నిలబడేవాడు."

ఆయన అద్దం దించి, మొహం దిగులుగా పెట్టి, "పిన్నీ, నువ్వు పోతే నేను కార్ఖానాకి తాళం వేసుకోవాలి. నాకేం తెలుసు చెప్పు? నాన్న నిన్ను నమ్మే కదా దీన్ని నా చేతిలో పెట్టి పోయాడు" అన్నారు.

ఆ మాటకు నా మనసు మెత్తబడిన సంగతి దాచను. ఆ సాయంత్రం ఫ్రిజ్ మీద మెతోదికి "ఉండిపోతానేమో" అని చీటీ రాసి పడుకున్నాను. పొద్దున చూస్తే దాని కింద "సరే" అని ఉంది. ఇంకేమీ లేదు. కోపం లేదు, ఎందుకని అడగలేదు. పందొమ్మిదేళ్లుగా నేను ఏం రాసినా ఆయన "సరే" అనే రాస్తున్నాడు. చీటీ చింపేసి, ఆ రోజే ఇంకో దారి వెతకాలనుకున్నాను. అదృష్టవశాత్తు దారి అప్పటికే టపాలో ఉంది.

5. అదేమనగా, కాగితం ఆయన చేతికి ఇవ్వలేనేమోనని భయపడి 10వ తేదీననే ఇంకో ప్రతి రిజిస్టరు టపాలో పంపి ఉన్నాను. అది 13న చేరింది. ఇక్కడే అసలు చిక్కు వచ్చింది.

మా కార్ఖానాలో పాలు పుచ్చుకునే కిటికీ వీధి వైపు ఉంటుంది. దాని దగ్గర ఉండేది నేను. కనుక టపా పుచ్చుకునేది కూడా నేనే. పెద్దాయన స్వహస్తాలతో "సంస్థ పేరిట వచ్చు ఎల్ల ఉత్తరములను దోన్కా రాష్కోవా సంతకము చేసి అందుకొనవచ్చును" అని ముద్ర వేసి ఇచ్చిన అధికార పత్రం నా వద్ద ఉన్నది. దానిని ఇంతవరకు ఎవరూ రద్దు చేయలేదు. టపామనిషి త్సానా సైకిలు కిటికీకి ఆనించి,

"దోన్కా, రిజిస్టరు ఉత్తరం. పెట్టు సంతకం" అంది.

"ఇది నేను పంపిందే కదే!"

"ఎవరు పంపారో నాకెందుకు? ఎవరికో చూస్తాను. కార్ఖానాకి. కార్ఖానా టపా తీసుకునేది ఎవరు? నువ్వు."

"లోపలికి పోయి అసెన్‌కి ఇవ్వవే, నీకు పుణ్యం ఉంటుంది."

"నా సైకిలు చూసే వెనక తలుపులోంచి జారుకున్నాడు మీ అసెన్. నువ్వు పెట్టకపోతే 'పుచ్చుకోలేదు' అని రాసి వెనక్కి పంపుతా. వెనక్కి అంటే ఎక్కడికి? మీ ఇంటికి. అక్కడా నువ్వే పెట్టాలి. తొందరగా తేల్చు, కొండ మీద ఇంకా ఏడిళ్లున్నాయి నాకు."

నేను ఏం చేయగలను? పెట్టాను. పద్ధతి ప్రకారం వచ్చిన ఉత్తరాల పుస్తకంలో 214వ నంబరు వేసి ఎక్కించి, కవరు యజమాని గారి ట్రేలో పెట్టాను. మర్నాడు ట్రేలో అది లేదు. తీసుకున్నది పిల్లి కాదు గదా.

6. 15న దేవమాత పండుగ సెలవు కనుక 16న తమ కార్యాలయానికి స్వయంగా వచ్చాను. రెండున్నర బస్సుకు వచ్చాను. మెతోది నడిపే బస్సే. నాకు టికెట్టు కొట్టి ఇచ్చాడు. డ్రైవరుతో మాట్లాడరాదని బోర్డు ఉంది కనుక నలభై నిమిషాలు ఆయన వెనక సీట్లో కూర్చుని మెడ చూస్తూ వచ్చాను. క్షౌరం చేయించుకోవలసి ఉంది. ఇది అర్జీకి సంబంధం లేని విషయం, కొట్టివేయగలరు.

మూడో కిటికీ దగ్గర ఉన్న తమ ఉద్యోగి అడిగిన ప్రశ్నలు, నా జవాబులు ఉన్నవి ఉన్నట్టు వ్రాయుచున్నాను.

"నోటీసు ముట్టిందా?"

"ముట్టిందండి."

"ఎవరికి?"

"కార్ఖానాకి."

"రసీదు మీద సంతకం ఎవరిది?"

"నాది."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అంటే మీ మాట మీరే చెప్పుకుని మీరే విన్నారన్నమాట."

నా వెనక వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. "కరెంటు ఆఫీసు నోటీసుకి నా సంతకం చెల్లుతుంది. పన్నుల వాళ్ల నోటీసుకి చెల్లుతుంది. పోయినేడు ఆరోగ్యశాఖ వాళ్లు కార్ఖానా కడగమని పంపిన కాగితానికి కూడా నా సంతకమే చెల్లింది, వచ్చి జరిమానా కూడా వేశారు. నా సొంత కాగితానికే ఎందుకు చెల్లదండీ?" అన్నాను.

"అది నేను చెప్పలేనమ్మా. అర్జీ పెట్టుకోండి."

"జవాబు ఎన్నాళ్లకు వస్తుంది?"

"ముప్పై రోజులు."

అయ్యా, అప్పుడు నేను కొంచెం గట్టిగా మాట్లాడిన మాట నిజం. ఆ ఉద్యోగి మంచివాడే. మంచినీళ్లు ఇచ్చాడు.

7. పై కారణాలచేత తమను వేడుకొనునది ఏమనగా: యజమాని గారు చాక్లెట్లు తిన్న ఆగస్టు 7ను నోటీసు ముట్టిన రోజుగా గ్రహించి సెప్టెంబరు 6తో నన్ను విడుదల చేయించవలెను. తినుట చట్టంలో లేదందురా, 13నాటి నా సంతకాన్ని కార్ఖానా సంతకంగా ఒప్పుకొనవలెను. అప్పుడు సెప్టెంబరు 12తో తీరిపోవును, పొయ్యి దగ్గరికి వెళ్లుటకు ఇంకా మూడు రోజులు మిగులును. ఈ రెండూ కాదని ఇవాళ్టి నుంచి లెక్క వేసినచో సెప్టెంబరు 20 అవుతుంది, బడిలో ఇంకొకరు వంట చేస్తుంటారు, నేను ఎనిమిదింటికి పడుకుంటూనే ఉంటాను. ఒక్క మనిషి వెళ్లిపోతానని చెప్పడానికి ఇంతమంది ఇన్ని తలుపులలోంచి పారిపోవాలా? ఎవరో ఒకరు విన్నామని అంటే చాలు.

నేను లేకపోతే కార్ఖానా ఆగిపోతుందని యజమాని గారి వాదన. ఆయన ఇబ్బంది నాకు తెలియనిది కాదు. ముప్పై రోజులు అంటూ పెట్టినది అందుకే కదా. ఆ ముప్పై రోజులలో ఎవరిని చూపించినా నాకు తెలిసినదంతా చేయి పట్టుకుని నేర్పిస్తానని ఇందుమూలముగా మాట ఇచ్చుచున్నాను.

ఈ బీద విన్నపం చిత్తగించవలెను. ముప్పై రోజుల తరువాత కాక, ముందుగా చిత్తగించవలెను.

ఆగస్టు 21.

తమ విధేయురాలు,
దోన్కా రాష్కోవా

జతపరచినవి: నోటీసు ప్రతి ఒకటి; టపా రసీదు ఒకటి (సంతకం నాది); పెద్దాయన ఇచ్చిన అధికార పత్రం నకలు ఒకటి; చాక్లెట్లు తిన్నవారి జాబితా ఒకటి.

తా.క. ఆగస్టు 23. కవరు అంటించేలోపు సంగతి మారిపోయింది. కొత్త అర్జీ రాసే ఓపిక లేదు, కనుక కిందనే రాస్తున్నాను.

ఈ పొద్దున ఏడింటికి అసెన్ తనంతట తానే నా దగ్గరికి వచ్చాడు. వెంట ఒక పిల్ల ఉంది. పేరు మిగ్లెనా, ఇరవై నాలుగేళ్లు, పాల పరిశ్రమ చదువు చదివిందట, చేతిలో పాల వేడి చూసే యంత్రం ఉంది. అసెన్ నా ఏప్రన్ జేబులోంచి కాగితం తనే తీసుకున్నాడు. నేను అడగకుండానే ఆగస్టు 7 అని తేదీ వేసి, ముద్ర కొట్టి, సంతకం పెట్టాడు.

"నువ్వు అడిగిందే పిన్నీ. తేదీ కూడా నువ్వు చెప్పిందే వేశా. రేపటి నుంచి రానక్కర్లేదు. ఇంట్లో హాయిగా పడుకో."

"సెప్టెంబరు ఆరు దాకా ఉంది కదా అసెన్."

"ఎందుకు పిన్నీ? ఆ రోజుల జీతం ఇచ్చేస్తాలే. నెల రోజుల నుంచి ఈ అమ్మాయి కోసమే మాట్లాడుతున్నా, నిన్న ఒప్పుకుంది."

నెల రోజుల నుంచి అన్నాడు. అంటే నేను పెట్టె మూత తీయకముందు నుంచే. తలనొప్పులు, ఫోన్లు, వెనక తలుపు, అన్నీ ఈ పిల్ల ఒప్పుకునే దాకా నన్ను ఆపడానికి. నేను పోతే కార్ఖానాకి తాళం పడుతుందని అద్దం దించి చెప్పినవాడు నెల నుంచి మనిషిని వెతుకుతున్నాడు. ఆ మాట నేను నమ్మాను అయ్యా. నమ్మడమే కాదు, ఆ మాట నాకు బాగుండింది. ఒక రాత్రంతా బాగుండింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

"పోనీ ఈ అమ్మాయికి నేర్పిస్తాను" అన్నాను. రోజూ నిన్నటి పెరుగులోంచి ఒక గిన్నె పక్కన పెట్టి ఇవాళ్టి పాలకు తోడు వేస్తాం. పెద్దాయన నా చేతికిచ్చిన తోడు అది, ఇప్పటిదాకా తెగలేదు. ఆ గిన్నె చూపించాను. ఆ పిల్ల మర్యాదగానే, "ఇదంతా ఎందుకు ఆంటీ, ప్యాకెట్లో పొడి వస్తుందిగా" అంది. తప్పేమీ లేదు. నిజంగానే వస్తుంది.

తాళంచెవి ఇమ్మన్నాడు. ఇచ్చేశాను.

మెతోది బస్సు ఎక్కబోతుంటే గుమ్మంలోనే చెప్పాను. "మంచిదేగా, బడి తెరిచేదాకా మూడు వారాలు ఇంట్లో ఉండు" అన్నాడు. చీటీ మీద కాదు, నోటితో. మంచిదే. బడి పని దక్కింది, నేను అడిగిందంతా దొరికింది. తమరు ఇక ఏమీ చేయనక్కరలేదని రాసి కవరు చించేయాలి. చేయి రాలేదు.

అయ్యా, అర్జీ మార్చుకుంటున్నాను. నన్ను వదిలించమని కాదు ఇప్పుడు అడుగుతున్నది. ముప్పై రోజులని నేను రాసిచ్చాను, ఆయన ముద్ర వేశాడు. అందులో పద్నాలుగు మిగిలి ఉన్నాయి. అవి నావి. పాలు పోయడానికి వచ్చే ముసలివాళ్లు ఇరవై ఆరు మంది ఉన్నారు, ఎవరి పాలల్లో నీళ్లుంటాయో, ఎవరికి మొహం మీద అనకూడదో ఆ పిల్లకు తెలియదు. వాళ్లలో ఒక్కరికి కూడా వెళ్లొస్తానని చెప్పలేదు. పందొమ్మిదేళ్ల పని నుంచి "రేపటి నుంచి రానక్కర్లేదు" అంటే ఎలా వెళ్లాలో నాకు చేతకావడం లేదు. డబ్బు ఇస్తానంటున్నాడు, డబ్బు వద్దు, రోజులు ఇప్పించండి.

ఎలాగూ రేపు మూడున్నరకు మెలకువ వస్తుంది. నాలుగింటికి కార్ఖానా తలుపు దగ్గర నిలబడతాను. తాళం తీయమని అసెన్‌కు ఒక్క ముక్క రాయండి. ఆ ఉత్తరం మాత్రం కిటికీ దగ్గర ఎవరికీ ఇవ్వవద్దని, అతని చేతికే ఇవ్వమని త్సానాకు చెప్పండి.